తిరిగొచ్చిన అచ్చు

ఇది ఒక మహాగాథ. ఇందులో సముద్రయానం ఉంది, పరదేశవాసం ఉంది, ఇల్లు చేరడం ఉంది, చేరాక జరిగిన ఘోరం ఉంది. ఉక్కు ఉంది, నిప్పు ఉంది, ఆడవాళ్ల కన్నీళ్లు ఉన్నాయి.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. నాకే నవ్వొచ్చింది. ఇది మిక్సీ కథ. పూర్తి మిక్సీ కూడా కాదు, మోటారుకు తొడిగే ప్లాస్టిక్ చొక్కా కథ. కన్నీళ్ల సంగతి కూడా సరిదిద్దాలి. ఒకావిడ కంట్లో పొగ పడింది, అంతే.

ప్లాస్టిక్స్ డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కాలేజీ వాళ్లు ఫోన్ చేసి ఉద్యోగ జ్ఞాపకాలు రాసివ్వమన్నారు. జ్ఞాపకాలు రాయాలంటే రిటైరై ఉండాలి కదండీ అన్నాను. ఆ ఫ్యాక్టరీ మానేశారు కదా, అదీ రిటైర్మెంటే అన్నారు. అలా ముప్పై నిండకుండానే విశ్రాంత ఉద్యోగినైపోయాను. శాలువా మాత్రం ఎవరూ కప్పలేదు.

మా ఫ్యాక్టరీ తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. కరిగించిన ప్లాస్టిక్‌ను ఇనుప అచ్చులోకి కొట్టి, చల్లారాక తీసి, మూతలూ చేతులూ రెక్కలూ తయారు చేయడం మా పని. అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది. మూసుకుంటుంది, ప్లాస్టిక్ మింగుతుంది, తెరుచుకుంటుంది, వస్తువును బయటికి తోస్తుంది. అచ్చు లోపలి గోడ అద్దంలా మెరిస్తే వస్తువూ అద్దంలా మెరుస్తుంది. గోడకు మచ్చ పడితే వస్తువుకూ మచ్చే. ఈ కథకు ఈ మాత్రం సాంకేతిక పరిజ్ఞానం చాలు. నాలుగేళ్లు చేసిన నాకూ ఇంతకు మించి పెద్దగా అవసరం రాలేదు.

ఒకప్పుడు ఇదే ఫ్యాక్టరీలో ఒక మిక్సీల కంపెనీకి బాడీలు చేసేవాళ్లట. తర్వాత ఆ కంపెనీ వాళ్లు లెక్కలు వేసుకుని, అచ్చులన్నీ పెట్టెల్లో పెట్టి చైనాకు పంపేశారు. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను కాబట్టి ఆ నిర్ణయంలో నా పాత్ర ఏమీ లేదు. ఆ రోజు మిషన్ల మీద నుంచి అచ్చులు దించి, తుప్పు పట్టకుండా గ్రీజు పూసి, పెట్టెలకు మేకులు కొట్టిన మనిషి మాత్రం మా ఫోర్‌మన్. ఆయన్ని ఫ్యాక్టరీ అంతా మామా అనే పిలుస్తుంది. ఆయన భార్య కూడా ఆఫీసుకు ఫోన్ చేసి "మామ ఉండాడా?" అని అడుగుతుంది. నిజానికి ఆవిడకొక్కదానికే ఆ పిలుపు మీద హక్కు ఉంది.

మేకులు కొట్టిన మరుసటి నెల మామ ఉద్యోగం పోయింది. తర్వాత ఆయన చాలా పనులు చేశాడు. చివరికి అలిపిరి దగ్గర వాహనాల పార్కింగులో చీటీలు చింపుతుండగా మా మేనేజరుగారు ఫోన్ చేశారు. "ఏమప్పా, మన మిక్సీ అచ్చు ఒకటి వెనక్కి వస్తా ఉండాది. ఎక్కించేదానికి వస్తావా?" అని. మామ చేతిలో ఉన్న చీటీల కట్టను పక్కవాడికిచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా బస్సెక్కేశాడట. ఇది మామ చెప్పిన మాట. ఆ నెల జీతం తీసుకునే వచ్చాడని మామ భార్య చెప్పింది.

షరతు ఒక్కటే. మిక్సీ కంపెనీ ముందు ఒక్క అచ్చునే పంపింది. దీంట్లో తీసిన బాడీలు వాళ్ల ఇన్‌స్పెక్టరు చూసి పాస్ చేస్తే మిగతా అచ్చులన్నీ మాకే వస్తాయి. మామ ఉద్యోగం పర్మనెంటు. కొత్తగా తీసుకున్న ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని. వీళ్లంతా బంగారుపాళ్యం వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్‌కు సీజన్ పని చేసి, సీజన్ అయిపోగానే ఇంట్లో కూర్చునేవాళ్లు. ఫెయిలైతే అచ్చు హోసూరు వైపు ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది. వాళ్లు అప్పటికే గేటు తెరిచిపెట్టి కూర్చున్నారు.

అచ్చు ఎందుకు వెనక్కి వస్తోందన్నదానికి ఫ్యాక్టరీలో తలకొక సిద్ధాంతం ఉండేది. ఓనరుగారు బల్ల మీద చిన్న జెండా పెట్టుకుని, స్వదేశం పిలిచింది కాబట్టి అన్నారు. మేనేజరుగారు, ఓడలు ఆలస్యమవుతున్నాయి, చిన్న మార్పు చెబితే పండగ దాటిపోయాక చేసి పంపుతున్నారు, అమ్ముడుపోయే రోజుల్లో సరుకు సముద్రంలో ఉంటోంది అన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్, చైనావాళ్లకు మనమంటే భయం పట్టుకుంది సార్ అన్నాడు. మామ అయితే ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. లారీ దిగిన పెట్టె తెరిచి, గ్రీజు తుడిచి, అచ్చు పక్కభాగం మీద వేలు పెట్టి నన్ను పిలిచాడు.

"సూడప్పా. ఈడ వెల్డింగు ఉండాదే, నేనేసిందే. ఇన్నేండ్లకు కూడా వాళ్లు దాన్ని కదిలించలే."

నేను జోకు వేద్దామనుకున్నాను. ఆయన మొహం చూసి వాయిదా వేశాను.

శనివారం సాయంత్రం అచ్చు మిషన్‌ మీదకెక్కింది. పూజ చేశారు. నేను అప్పుడు లేను, ప్లాస్టిక్ గుళికల లోడు విడిపించడానికి రేణిగుంటలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆకులో పొంగలి మిగిలి ఉంది. తిన్నాను. ఆదివారం సెలవు.

సోమవారం పొద్దున మొదటి బాడీలు గ్రీజు మరకలతో వచ్చాయి. అది మామూలే. తర్వాత ఎర్రగా, నున్నగా, మెరుస్తూ వచ్చాయి. అందరం ఊపిరి పీల్చుకుంటుండగా మేనేజరుగారు ఒకటి ట్యూబ్‌లైటు కిందికి పట్టారు. వెనకవైపు, కింది అంచుకు కాస్త పైన, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు మబ్బు మచ్చ. గుడ్డతో తుడిచారు. పోలేదు. ఇంకో బాడీ తీశారు. అక్కడే, అంతే మచ్చ.

"బుధవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు," అన్నారాయన. మాకు తెలియని విషయమేమీ కాదు.

గుళికల్లో తడి ఉందేమోనని ఆరబెట్టే డబ్బాలో ఇంకా వేడి పెంచాం. అచ్చును వేడి చేశాం, చల్లబరిచాం. ప్లాస్టిక్‌ను వేగంగా కొట్టాం, నెమ్మదిగా కొట్టాం. నేను నేర్చుకున్న చదువంతా మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టేలోపు అయిపోయింది. మచ్చ ఉన్న బాడీలు గోడ పక్కన గుట్టగా పెరుగుతున్నాయి, ఎర్రగా, పెళ్లికి తెచ్చి వాడకుండా మిగిల్చిన కుర్చీల్లాగా. వాటిని మోస్తున్న ఒకావిడ మామ ముందు ఆగింది.

"మామా, గుజ్జు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి నాకొక సీటు పెట్టమనేదా? నీక్కూడా అడిగేదా? నీకు తొక్కలు తీసే పని ఇస్తారులే."

వేరే రోజైతే మామ దానికి రెండు సమాధానాలు చెప్పేవాడు. ఆ రోజు అచ్చు వైపే చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రానికి మేనేజరుగారికి దారి దొరికింది. "ఇది చైనావాళ్ల పనే. పని పోతుందని మంట. కావాలనే పాడు చేసి పంపినారు. ఇప్పుడే కంప్లయింటు పెడతా."

ఆ దారిలో ఒక గుంత ఉందని నాకు కనిపించింది. కంప్లయింటు పెడితే గొడవ తేలేదాకా అచ్చును సీలు వేసి మూలన పెట్టమంటారు. ఇన్‌స్పెక్షన్ లేదు, పాసూ లేదు. హోసూరు వాళ్ల గేటు తెరిచే ఉంది.

"సార్, తిట్టేముందు ఒక్కసారి అడుగుదాం," అన్నాను. "అడిగినాక తిట్టడానికి ఎవరూ అడ్డం చెప్పరు కదా."

ఆ అచ్చును అక్కడ నడిపిన టెక్నీషియన్ నంబరు పెట్టె మీద రాసి ఉంది. వీడియో కాల్ చేశాం. మాటలు ఫోన్‌లోని అనువాదం యాప్ చూసుకుంది. అవతల సన్నగా, మా మామ వయసే ఉన్న మనిషి, నీలం కోటు. ఆయన వెనక ఒక మిషన్ ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. అది మా అచ్చు ఉన్న మిషనేనని అడక్కుండానే అర్థమైంది. మేనేజరుగారు కూడా అది చూశారు. గొంతు సవరించుకున్నారు కానీ తిట్టలేదు.

అచ్చు తెరవమన్నాడు. టార్చి వేయమన్నాడు. ఫోన్‌ను అంగుళం అంగుళం జరపమన్నాడు. ఒక మూల దగ్గర ఆగమన్నాడు. కాల్ కట్టయింది. పోయిందనుకున్నాం. నిమిషానికి ఫోటో వచ్చింది. మా అచ్చు ఫోటోయే. వస్తువును బయటికి తోసే పిన్ను పక్కన ఎర్రటి సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

ఇత్తడి పుల్లతో ఆ మూల గీకాను. చిన్న గింజ ఒకటి నా అరచేతిలో పడింది. ఎండి, తెల్లగా. వాసన చూశాను.

"మామా, ఇది ఏం గింజ?"

మామ షెడ్డు పైకప్పు చూశాడు. పైకప్పులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

"నిమ్మగింజ."

"అచ్చు లోపలికి ఎట్లా పోయింది?"

"పూజ చేసినాం గదప్పా."

"పూజ బయట కదా చేసింది?"

"కొత్త బండి తెస్తే ఏం చేస్తాం? చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రం యాడుండాది?" మామ గొంతు క్రమంగా తగ్గిపోతోంది. "యాడ మూసుకుంటాదో ఆడ పెట్టినా."

మేనేజరుగారు స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. "పెట్టి?"

"మిషను మూసినా. మెల్లగానే మూసినా సార్. మంచి కాయ. గూడూరు కాయ. రసం బాగుండే."

"తుడవలేదా?"

"తుడిచినా. దేవుడిదని గట్టిగా రుద్దలే."

పులుపు ఉక్కును తింటుందని మీకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. చిన్న ప్రశ్నగా పరీక్షలో కూడా వస్తుంది. గూడూరు నిమ్మకాయ శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా తాపీగా కూర్చుని అద్దం లాంటి గోడను తిన్నది. సముద్రంలో ఉప్పుగాలికి చెక్కుచెదరని అచ్చు ఇంటికొచ్చి ఆశీర్వాదానికి పాడైంది.

అవతలి మనిషికి సమాధానం చెప్పాలి. 'నిమ్మకాయ' అని టైపు చేశాను. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత 'ఎందుకు?' అని వచ్చింది. 'మంచి జరగాలని' అన్నాను. తర్వాత: 'మేమూ టపాసులు కాలుస్తాం. ఆరుబయట.'

ఆ తర్వాత ఏ పాలిష్ ముద్ద వాడాలో, ఎంత మెత్తటిది వాడాలో, ఎటువైపు రుద్దాలో, ఎక్కడ ఆపాలో వరసగా పంపాడు. నేను అడక్కపోయినా ఇంకో రెండు ముక్కలు రాశాడు. తనను సీసా మూతల వైపు మార్చారట. ఈ అచ్చు చలికాలం పొద్దున పూట మొండికేస్తుందట, మొదట కాస్త వేడి చేసుకోవాలట.

మామ అది రెండుసార్లు చదివించుకున్నాడు. "మంచోడప్పా," అన్నాడు. "మనకొచ్చిందంటే ఆడ పోయినట్టే గదా." అచ్చు వైపు తిరిగి, "నాకు తెలుసులే ఆ సంగతి," అన్నాడు.

మంగళవారం చిత్తూరు నుంచి పాలిష్ భాయ్ వచ్చాడు. అచ్చుల లోపల అద్దంలాంటి మెరుపు తెప్పించడమే ఆయన వృత్తి, ఆయన నాయన వృత్తి కూడా. అచ్చు నోట్లోకి తల దూర్చి చూసి, అలాగే లోపలి నుంచే అడిగాడు: "ఎవరబ్బా దీంట్లో పులుసు కాచినాడు?"

మామ టీ తేవడానికి వెళ్లాడు.

భాయ్ పొద్దు వంగేదాకా రుద్దాడు. మధ్యమధ్యలో మేం బాడీ తీసి చూడడం, మళ్లీ రుద్దడం. అరచేయంత ఉన్న మబ్బు రూపాయి బిళ్ల అంతకు దిగింది. అక్కడ భాయ్ గుడ్డ పక్కన పెట్టేశాడు.

"ఇంగ సాలు. ఇంకా రుద్దితే గుంత పడతాది. గుంత పడితే మీ బాడీ మీద బుడిపె లేస్తాది. మబ్బు కావాల్నా, బుడిపె కావాల్నా? సెప్పండి."

"రెండూ వద్దు," అన్నారు మేనేజరుగారు.

"అట్లయితే నన్ను శనివారం పిలవాల్సింది సాబ్. నిమ్మకాయ నేను తిని పోయేవాణ్ణి."

ఆ సాయంత్రం మేనేజరుగారు మామను ఆఫీసులోకి పిలిచారు. తలుపు వేయలేదు కాబట్టి అందరం విన్నాం.

"రేపు నువ్వు రావద్దు. ఒంట్లో బాగలేదని ఇంట్లో ఉండు. ఇన్‌స్పెక్టరు మచ్చ చూస్తే, అచ్చు అట్లనే వచ్చింది అని నేను సెప్పుకుంటా."

"ఆ చైనాయన మీద పెడతారా సార్?"

"ఎవరి మీదో ఒకరి మీద పెట్టాల గదప్పా. నీ మీద పెట్టేదా?"

మామ బయటికొచ్చాడు. నన్ను చూసి, "పార్కింగులో నా సీటు ఇంకా ఖాళీగానే ఉండాదంట," అన్నాడు. నా జోకుల సంచి ఎంత తడిమినా ఒక్కటీ చేతికి తగలని సందర్భాల్లో అది ఒకటి.

బుధవారం మామ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మేనేజరుగారు ఆయన్ని చూసి కళ్లతోనే తిట్టారు. అప్పటికే ఇన్‌స్పెక్టరు కారు గేటులోకి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టరు చెన్నై మనిషి. కొలిచినట్టు మాట్లాడతాడు. పలకరింపుకు తల ఊపాడు, కాఫీకి చేయి ఊపాడు. తెల్లటి గ్లౌజులు తొడుక్కుని బాడీలు ఒక్కొక్కటే తీసి బరువు తూచాడు, అంచులు తడిమాడు, కొలతలు చూశాడు. అన్నీ సరిపోతున్నాయి. ప్రతిసారీ మేనేజరుగారు బాడీని ముందువైపు పైకి ఉండేట్టు అందిస్తున్నారు. మా ఫ్యాక్టరీలో అంత మర్యాదగా వస్తువులు అందించడం నేను అంతకుముందు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు బాడీని తిప్పాడు. ట్యూబ్‌లైటు కిందికి పట్టాడు.

"ఇది ఏమి?"

మిషన్ నడుస్తూనే ఉంది. ఆడవాళ్ల చేతులు మాత్రం ఆగిపోయాయి. మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. "సార్, అది... అచ్చు దిగుమతి అయ్యేటప్పుడే..."

"కాదు సార్," అన్నాడు మామ. "నేను నిమ్మకాయ పెట్టినా."

ఇన్‌స్పెక్టరు మామ వైపు తిరిగాడు. "ఎక్కడ?"

"లోపల. పూజ చేసి మూసినా. అది పులుపుకు పడిన మచ్చ. అచ్చు సక్కంగానే వచ్చింది సార్. పంపినోళ్ల తప్పేం లేదు. ఈళ్ల తప్పు కూడా లేదు." ఈళ్లు అంటూ ఆడవాళ్ల వైపు చేయి చూపించాడు. "పంపిస్తే నన్ను పంపించండి. అచ్చును పంపొద్దండి."

మేనేజరుగారు కళ్లు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు మొహంలో ఏమీ కదల్లేదు. జేబులోంచి చిన్న స్కేలు తీసి, కింది అంచు నుంచి మచ్చ దాకా కొలిచాడు. పక్క అంచు నుంచి కొలిచాడు. సంచిలోంచి డ్రాయింగు తీసి బల్ల మీద పరిచి, తలకిందులుగా పెట్టాడని గమనించి, తిప్పి పెట్టుకున్నాడు. మళ్లీ కొలిచాడు. కరిగిన ప్లాస్టిక్ నుంచి కాస్త పొగ వస్తుంది. ఎప్పుడూ వచ్చేదే. సరిగ్గా అప్పుడే అది గుజ్జు ఫ్యాక్టరీ జోకు వేసిన ఆవిడ కంట్లో పడింది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు కూడా కొద్దిగా పడింది.

"స్టిక్కర్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ చోట స్టిక్కర్ వస్తాది. వోల్టేజీ, వాట్లు, కంపెనీ అడ్రసు రాసిన వెండిరంగు స్టిక్కర్. మచ్చ కంటే పెద్దది." డ్రాయింగు మీద గీతల పెట్టెను వేలితో కొట్టి చూపించాడు. "మీ దగ్గర డ్రాయింగు లేదా?"

మా దగ్గర ఉన్నది నమూనా బాడీ ఒక్కటే. స్టిక్కర్ అంటించనిది. స్టిక్కర్లు మిక్సీ కంపెనీ వాళ్లు తమ దగ్గర, చివర్లో అంటిస్తారు. రెండు రోజుల పాటు మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని, చైనాకు ఫోన్ చేసి, ఒక మనిషి ఉద్యోగం పోయినట్టేనని తేల్చుకుని, ఆయన తన నోటితోనే తప్పు ఒప్పుకునేదాకా తెచ్చి, చివరికి ఎవరికీ కనబడని చోటు గురించి కొట్టుకున్నాం.

"పాస్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మామ వైపు చూసి, "లోపల వద్దు. బయట పెట్టు," అన్నాడు.

మామ అలాగే గోడ పక్కన బాడీల గుట్ట మీద కూర్చున్నాడు. గుట్ట జారింది. ఆయన్ని లేపడానికి నలుగురం వెళ్లాం. తెల్ల చొక్కాకు గ్రీజు అంటింది. "పోనీలే," అన్నాడు. మేనేజరుగారు దగ్గరికొచ్చి, "రావద్దంటే వస్తివే," అని మాత్రం అన్నారు. మరుసటి నెల మామకు పర్మనెంటు కాగితం ఇచ్చింది ఆయనే. మిగతా అచ్చులూ ఒక్కొక్కటే వచ్చాయి. వాటన్నిటికీ బయటే నిమ్మకాయలు పెట్టారు.

ఆ రోజు ఇన్‌స్పెక్టరును కారు దాకా సాగనంపే పని నాకు పడింది. ధైర్యం చేసి అడిగాను. "సార్, ఇంతకీ మీ కంపెనీ అచ్చులు వెనక్కి ఎందుకు తెప్పిస్తోంది?" జెండా, ఓడలు, భయం, మూడు సమాధానాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏది అంటాడో చూద్దామని.

ఆయన చేతిలోని బాడీని నా ముందు బోర్లించాడు. "దీని లోపల ఏముంది?"

"ఏమీ లేదు సార్. మోటారు బిగించేదాకా ఖాళీ."

"అదే. మేం విడి భాగాలు తెప్పించి ఇక్కడ బిగిస్తాం. ఓడలో బాడుగ బరువుకు కాదు, చోటుకు. బాడీలు పెట్టెలో పెడితే చోటంతా గాలి. ఓడ బాడుగ పెరిగింది. గాలికి అంత బాడుగ కట్టడం దండగ అని అకౌంట్స్ వాళ్లు చెప్పినారు."

"మరి మోటార్లు?"

"మోటార్లు అక్కడి నుంచే వస్తాయి," అన్నాడు కారు తలుపు తీస్తూ. "అవి చిన్నవి. ఒక పెట్టెలో చాలా పడతాయి."